20 రూపాయల నీళ్ల సీసా పోస్తే వారంటీ పోతుందా?

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. సూర్యాపేట దాటాక హైవే మీద మా బావమరిది కారు హీటెక్కింది. డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగిన నిమిషంలోపే బండి పక్కకు తీశానంటాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి, ఒకరకమైన తియ్యటి వాసన. పక్కనే చెరకురసం బండి నడిపే పెద్దాయన పిల్లలకు నీడలో కుర్చీలు వేసి, "ముప్పావుగంట ఆగండి బాబూ, ఆ మూత ఇప్పుడే ముట్టుకోకండి, మొహం కాలిపోద్ది" అని ఆపాడట. చల్లారాక చూస్తే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ట్యాంకు ఖాళీ. ఆయన దగ్గరే 20 రూపాయల నీళ్ల సీసా కొని పోశాడు. పోసిన నీళ్లు పోసినట్టే కింద నుంచి కారిపోయాయి. ఇక లాభం లేదని కంపెనీ టోయింగ్ బండిని పిలిపించి షోరూంకు పంపాడు.

మూడో రోజు సర్వీస్ అడ్వైజర్ ఫోను. "హెడ్ గాస్కెట్ పోయింది సార్. హెడ్ బెండ్ వచ్చింది. కూలెంట్‌లో బయటి నీళ్లు కలిసినట్టు తేలింది కాబట్టి వారంటీ రాదు." హెడ్ అంటే ఇంజిన్ పైభాగం, దాని కింద లీకు కాకుండా వేసే పొర గాస్కెట్. ఎస్టిమేటు లక్షా నలభై వేల పైచిలుకు. బండి కొని రెండేళ్ల మూడు నెలలు. తిరిగింది 31 వేల కిలోమీటర్లు. ఒక్క సర్వీసు కూడా బయట చేయించలేదు.

ఇందులో ఏది ముందు, ఏది వెనక అన్నది చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. కూలెంట్ కారిపోయింది, బండి హీటెక్కింది, ఆ తర్వాతే నీళ్లు పోశాడు. ఇల్లు అంటుకున్నాక బావిలో నీళ్లు తోడి పోస్తే, ఆ నీళ్ల వల్లే గోడలు పాడయ్యాయని బీమావాడు అన్నట్టుంది ఈ వరస. అయినా ఇదే జవాబు రాష్ట్రమేదైనా, బ్రాండేదైనా, షోరూం కౌంటర్ల దగ్గర వినిపిస్తూనే ఉంటుంది. కారు వారంటీ తగాదాల్లో కంపెనీలకు దొరికిన అతి సులువైన సాకు కూలెంటే అని నా అభిప్రాయం.

ఎందుకంటే కూలెంట్ గురించి మనకు తెలిసింది తక్కువ. రంగునీళ్లు అనుకుంటాం. నిజానికి అది ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సుమారు సగం సగం కలిపి, తుప్పు పట్టకుండా రసాయనాలు చేర్చిన ద్రవం. ఆ తియ్యటి వాసన గ్లైకాల్‌దే. చలిదేశాల్లో అది గడ్డకట్టకుండా కాపాడుతుంది. మనకు ఆ బెడద లేదు, మనకు కావలసింది మరగకుండా ఉండటం, తుప్పు పట్టకుండా ఉండటం. రేడియేటర్ మూత సుమారు ఒక బార్ ఒత్తిడిని బిగించి ఉంచుతుంది కాబట్టి 120 డిగ్రీలు దాటినా అది మరగదు. రామగుండంలో బయట 45 డిగ్రీల ఎండ ఉన్నా ఇంజిన్ నిబ్బరంగా ఉండేది అందుకే.

ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది. ఇది మూసి ఉన్న వ్యవస్థ. పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. ఏళ్ల తరబడి ఆవిరై కొంచెం తగ్గితే తగ్గవచ్చు గానీ, రెండేళ్ల బండిలో ట్యాంకు ఖాళీ అయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. హోస్ పైపు క్లాంపు కావచ్చు, వాటర్ పంపు సీలు కావచ్చు, రేడియేటర్‌కు అటూ ఇటూ ఉండే ప్లాస్టిక్ ట్యాంకు అతుకు కావచ్చు, హెడ్ గాస్కెట్టే కావచ్చు. రాయి తగిలి రేడియేటర్ చిల్లుపడితే అది వేరే సంగతి, అది కంటికి కనిపిస్తుంది. మిగతావన్నీ ఎవరు బిగించినవి? "కూలెంట్ ఎందుకు తగ్గింది?" అన్నది షోరూం చెప్పాల్సిన జవాబు. దాన్ని "మీరు ఏ నీళ్లు పోశారు?" అని మన మీదికే తిప్పేస్తున్నారు.

పైగా ఒక లీటరు నీళ్లతో హెడ్ వంగిపోదు. సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు రేడియేటర్ సన్నని గొట్టాల్లో పొలుసు కట్టాలంటే నెలలు, ఏళ్లు పడుతుంది. అల్యూమినియం హెడ్ వంగేది వేడికి. ఆ వేడి పుట్టేది కూలెంట్ లేకపోవడం వల్ల. కూలెంట్ దొరకని చోట అత్యవసరానికి నీళ్లు పోసి, ఆ తర్వాత సర్వీస్ సెంటర్‌లో మార్పించుకోమని చాలా ఓనర్స్ మాన్యువల్సే చెబుతాయి. ఆ పుస్తకం అచ్చేసిందీ కంపెనీయే.

అలాగని ఓనర్లంతా పత్తిత్తులని నేను చెప్పను. బోరు నీళ్లతో ఏళ్ల తరబడి బండి నడిపేవాళ్లున్నారు. ఆకుపచ్చ కూలెంట్‌లో గులాబీ రంగుది కలిపి, లోపల జిగురు చేసుకునేవాళ్లున్నారు. ఎర్ర లైటు వెలిగినా "ఇంకెంత, కోదాడ వచ్చేసింది కదా" అని తోలేవాళ్లున్నారు. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరించి బ్లాకు పగలగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల తప్పుకు కంపెనీ ఎందుకు డబ్బు పెట్టాలి? పెట్టనక్కర్లేదు. కాకపోతే అది ఓనర్ తప్పేనని కంపెనీ చూపించాలి. నా పేచీ అంతా ఆ ఒక్క మాట దగ్గరే.

చూపించడానికి కావలసిన సాక్ష్యమంతా వాళ్ల చేతుల్లోనే ఉంది మరి. ఇంజిన్ కంప్యూటర్‌లో హీటెక్కినట్టు ఎర్రర్ కోడ్ పడిన క్షణంలో కూలెంట్ వేడి ఎంత, బండి వేగం ఎంత, ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంలో తిరుగుతోంది అన్న వివరాలు నమోదవుతాయి. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. స్కానర్ పెడితే తెర మీద కనిపిస్తుంది. మా బావమరిది ఆ ప్రింటు అడిగితే "అది కస్టమర్‌కి ఇవ్వం సార్" అన్నారు. బండి అతనిది, కంప్యూటర్ అతనిది, అందులో పడ్డ లెక్క మాత్రం కంపెనీదట! ప్రెషర్ టెస్ట్ అని ఇంకోటుంది. మూత ఉన్నచోట చేతిపంపు బిగించి గాలి కొడితే లీకు ఎక్కడుందో పావుగంటలో తేలిపోతుంది. మరొకటి బ్లాక్ టెస్ట్. సిలిండర్‌లోని పొగ కూలెంట్‌లోకి వస్తుంటే, ఆ పరీక్షకు వాడే నీలం మందు పసుపుగా మారుతుంది. ఈ రెండూ హెడ్ దించకముందే చేయాలి. మనవాడికి ఫోను వచ్చేసరికి హెడ్ దించేసి ఉంది. అంటే తగాదా మొదలయ్యేలోపే సాక్ష్యం స్పానర్లతో విప్పేశారు.

ఇంకో తమాషా చూడండి. ఒకప్పుడు ప్రతి కారులోనూ టెంపరేచర్ ముల్లు ఉండేది. సగం దాటి పైకి పోతుంటే డ్రైవర్‌కు ముందే తెలిసేది. చాలా చిన్న కార్లలో ఆ ముల్లు తీసేశారు, ఒక్క లైటు మిగిల్చారు. అది ఎర్రబడేసరికి జరగాల్సింది సగం జరిగిపోయి ఉంటుంది. ముల్లు తీసేసినవాళ్లే "మీరు ముందే గమనించాల్సింది" అంటున్నారు.

మరి చట్టం ఏమంటోంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అంటూ ఓ అధ్యాయమే పెట్టారు. ఇచ్చిన వారంటీకి సరుకు తగ్గట్టు లేకపోతే, తన నిర్లక్ష్యం లేదని తయారీదారు నిరూపించుకున్నా బాధ్యత తప్పదని 84వ సెక్షన్ చెబుతుంది. వినడానికి గొప్పగా ఉంది. అదే చట్టంలో 'హాని' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదివితే, ఆ సరుకుకే జరిగిన నష్టం అందులోకి రాదని ఉంటుంది. అంటే కారు పేలి మీ చెయ్యి కాలితే ఆ అధ్యాయం మీకు పనికొస్తుంది. కారు ఇంజినే పోతే మళ్లీ పాత దారి పట్టాలి, తయారీ లోపమో సేవా లోపమో ఉందని వాదించాలి. తయారీ లోపం అనగానే నిపుణుడి నివేదిక ఏదని అడుగుతారు. విప్పేసిన ఇంజిన్ ముందు నిపుణుడు మాత్రం ఏం చేస్తాడు?

కొత్త కారే ఇవ్వాలని పట్టుబట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. వారంటీలో చెప్పింది లోపమున్న భాగాన్ని మార్చడం వరకే అయితే బండి మొత్తం మార్చమనడం కుదరదని 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి పార్టు, లేబర్, బండి లేని రోజుల ఖర్చు అడగడమే తెలివి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 నుంచి 10 లక్షల్లోపు బండికి ఫీజు 200 రూపాయలే. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేస్తే చాలాసార్లు కంపెనీ గొంతు మారుతుంది.

కానీ ఒక్కొక్కరూ ఒక్కో కమిషన్ మెట్లెక్కితే కంపెనీలకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1996 మోడళ్ల నుంచి డెక్స్‌కూల్ అనే నారింజ రంగు కూలెంట్ పోసి పంపింది. 5 ఏళ్లు లేదా లక్షన్నర మైళ్ల దాకా మార్చనక్కర్లేదని ఊరించింది. కొన్నేళ్లకే చాలా బండ్లలో అది తుప్పురంగు బురదలా మారింది, గాస్కెట్లు లీకయ్యాయి. కంపెనీ అప్పుడు ఏమందనుకున్నారు? ఓనర్లు కూలెంట్ మట్టం తగ్గనిచ్చారు, గాలి చేరింది, అందుకే బురద అంది. సూర్యాపేట అయినా డెట్రాయిట్ అయినా పాట ఒకటే! తేడా ఏమిటంటే అక్కడ ఓనర్లంతా కలిసి క్లాస్ యాక్షన్ దావాలు వేశారు. 2008 నాటికి రాజీకి వచ్చిన కంపెనీ మరమ్మతు చేయించుకున్నవాళ్లకు 50 నుంచి 800 డాలర్ల దాకా ఇవ్వాల్సి వచ్చింది. అదేమంత గొప్ప మొత్తం కాదు, నిజమే. కానీ వేలమంది జాబ్ కార్డులు (బండికి చేసిన పని రాసే కాగితాలు) ఒకచోట పేర్చాక "మీరొక్కరే సరిగ్గా చూసుకోలేదు" అనే మాట చెల్లలేదు. మన చట్టంలోనూ 35వ సెక్షన్ కింద ఒకే బాధ ఉన్నవాళ్లు కలిసి వేసుకునే వీలుంది. వాడేవాళ్లేరీ?

అంతకన్నా మనం మరిచిపోయింది ఇంకోటుంది. 2014 ఆగస్టులో, మార్కెట్‌లో పోటీ సరిగ్గా ఉండేలా చూసే కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. టాటా మోటార్స్‌కు 1,346 కోట్లు, మారుతికి 471 కోట్లు, మహీంద్రాకు 292 కోట్లు. స్పేర్ పార్టులు, రిపేరు పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా బిగబట్టారన్నది నేరం. ఆ ఉత్తర్వులో ఒక వాక్యాన్ని ప్రతి షోరూం గోడమీదా పెద్దక్షరాలతో రాయించాలి. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ రద్దవుతుందనే గంపగుత్త షరతు పెట్టడానికి వీల్లేదు అన్నది ఆ వాక్యం. తర్వాత షరామామూలే, అప్పీళ్లు, కోర్టులు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టమే ఈ పని చేసింది. మా బ్రాండు పార్టే వాడితేనే వారంటీ అనే షరతు అక్కడ చెల్లదు. మనకు 2014లో చేతికందిన ముద్ద నోటిదాకా రాలేదు.

ఈ షరతు దెబ్బ తగిలేది కారున్నవాడికి మాత్రమే కాదు. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి చూడండి. ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పే మేస్త్రీలు అక్కడున్నారు. వంగిన హెడ్‌ను లేత్ మీద ఫేసింగ్ కొట్టించి (చదును చేయించి), కొత్త గాస్కెట్ వేసి, షోరూం ఎస్టిమేటులో పావు వంతుకు బండిని రోడ్డెక్కించేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర పనితనం ఉంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ లేదు. కొత్త బండి వస్తే చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే. వారంటీ పేరు చెప్పి భయపెట్టడంతో మూడు, ఐదేళ్ల లోపు బండ్లు వాళ్ల గడప తొక్కడం మానేశాయి. మరమ్మతు హక్కు అని 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. కార్లు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వ్యవసాయ యంత్రాలు నాలుగూ అందులో ఉన్నాయి. పోర్టల్‌లో కస్టమర్ కేర్ నంబర్లు దొరుకుతాయి. ఆటోనగర్ మేస్త్రీకి కావలసింది అది కాదు కదా, సర్వీస్ మాన్యువల్, స్కానర్, పార్టు.

ట్రాక్టర్ సంగతి ఆలోచిస్తే నాకు ఇంకా మండుతుంది. కారు పదిరోజులు షెడ్డులో ఉంటే బస్సెక్కుతాం. దుక్కి అదునులో ట్రాక్టర్ రేడియేటర్ కారిపోతే రైతు ఏ బస్సెక్కాలి? మడి పక్కన బోరు నీళ్లే పోస్తాడు, ఇంకేం పోస్తాడు? ఆ నీళ్లు చూపించి వారంటీ కొట్టేస్తే అతను ఏ కమిషన్ చుట్టూ తిరగాలి? చట్టంలో ఉండాల్సింది ఒక్కటే వాక్యం. వారంటీ గడువులో లోపం బయటపడితే, అది వాడినవాడి తప్పని తయారీదారే రుజువు చేయాలి, చేయలేకపోతే బాగుచేయాలి. దానికి తోడు హెడ్ దించే ముందు పరీక్షల ఫలితం, ఫ్రీజ్ ఫ్రేమ్ ప్రింటు జాబ్ కార్డుకు కుట్టి ఓనర్ చేతికివ్వాలి.

మా బావమరిది వారంటీ ఎందుకు రాదో రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. కూలెంట్ ఫోటోలు, కంప్యూటర్ ప్రింటు, తీసేసిన గాస్కెట్ కూడా కావాలని మెయిల్ పెట్టాడు. వాటిలో ఒక్కటీ రాలేదు. వారం తర్వాత ఫోను మాత్రం వచ్చింది. గుడ్‌విల్ కింద పార్టుల ఖర్చులో సగం కంపెనీ భరిస్తుందట, ఇకపై ఏ క్లెయిమూ ఉండదని సంతకం పెట్టాలట. నీళ్లదే తప్పయితే ఈ సగం దేనికి అని అడిగాడు. "అది పై నుంచి వచ్చిన అప్రూవల్ సార్, మాకు తెలీదు" అన్నాడు అడ్వైజర్. సంతకం పెట్టలేదు. పాత గాస్కెట్ పారేయొద్దని ఇంకో మెయిల్ పంపి, 1915లో ఫిర్యాదు నంబరు తీసుకున్నాడు. బండి ఇప్పటికీ హెడ్ దించినది దించినట్టే వాళ్ల షెడ్డులో ఉంది.