గల్లా పెట్టె పక్కన కూర్చున్న గ్రీన్ టీ డబ్బా గారికి

మహారాజశ్రీ గ్రీన్ టీ డబ్బా గారి సముఖానికి,

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తి (కమీషన్ దుకాణం) గుమాస్తా నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం, కడుపులు తప్ప. మీరూ క్షేమమేనని తలుస్తాను. క్షేమం కాక ఏమవుతుంది? మిమ్మల్ని గల్లా పెట్టె పక్కన, లక్ష్మీదేవి పటం కింద, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టారు. ఆ గాలి మా బల్లల దాకా రాదు.

మిమ్మల్ని తెచ్చింది మా చిన్న సేటు. హైదరాబాద్‌లో చదివొచ్చాడు, మంచి పిల్లగాడే. మధ్యాహ్నం పూట మేం కడుపు పట్టుకుని తేన్పులు తీయడం, రైతుల మీదా హమాలీల మీదా కసురుకోవడం చూసి జాలిపడ్డాడు. వారం తిరక్కుండానే మిమ్మల్నీ, మీకు తోడుగా ఒక కరెంటు కెటిల్‌నూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "అంకుల్, ఇది డైజెషన్‌కి, కామ్‌నెస్‌కి" అన్నాడు. మీ నుదుటి మీదా అదే రాసుంది. పక్కనే ఒక బొమ్మ. తెల్ల బట్టలు కట్టుకున్న ఒకావిడ కొండ అంచున బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకుంది. ఆవిడకు తక్‌పట్టీలు, అంటే రైతుల సరుకు లెక్కల చీటీలు, రాసే పని లేదని చూడగానే తెలుస్తోంది.

మార్కెట్‌లో పనిచేసేవాణ్ని, బస్తా విప్పి చూడందే సరుకు దించుకోను. అందుకే కళ్లజోడు పెట్టుకుని మీ వెనకవైపు చిన్న అక్షరాలన్నీ చదివాను. గ్రీన్ టీ ఆకు, పుదీనా, సోంపు, శొంఠి, నిమ్మగడ్డి, అతిమధురం, ఎండిన హైబిస్కస్.

సోంపుతో, శొంఠితో నాకు ఏ తగాదా లేదు. రెండూ మా ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవే, కాకపోతే ఇంత జీతం ఎప్పుడూ అడగలేదు. నిమ్మగడ్డి వాసన బాగుంది, దాన్నీ వదిలేద్దాం. ఆ హైబిస్కస్ మాత్రం నన్ను ఆపేసింది. గుడిలో దేవుడికి పెట్టే మందారం కాదది. టీల్లో వేసేది ఎర్ర పుంటికూర (గోంగూర) చెట్టు కాయ చుట్టూ ఉండే పుల్లటి ఎర్ర రెక్కలు. మా ఊళ్లో చేను గట్ల మీద పెరిగే చెట్టే. ఆకు పప్పులోకి కోసుకుంటాం, కాయ విత్తనానికి వదిలేస్తాం. అంటే ఏమైందంటే, నేను టిఫిన్ డబ్బాలో పుంటికూర పప్పు తిని, అది అరగడానికి అదే చెట్టు కాయ రెక్కల్ని డబ్బులు పెట్టి కొనుక్కుని తాగుతున్నాను. మా ఆవిడకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఇక పుదీనా. అది పేగుల కండరాల్ని వదులు చేస్తుంది, పట్టేసిన గాలి కదులుతుంది. కడుపుబ్బరానికి మంచిదే, కాదనను. కానీ అన్నం దిగే గొట్టానికీ జీర్ణకోశానికీ మధ్య ఒక కవాటం ఉంటుంది, పుదీనా దాన్నీ వదులు చేస్తుంది. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకు ఆ కవాటం బిగుసుకుని ఉండటమే కావాలి. మా అడ్తిలో పద్దులు రాసే ప్రతివాడికీ ఉన్న జబ్బు సరిగ్గా అదే. అతిమధురం సంగతి చూస్తే, రోజూ ఎక్కువగా లోపలికి పోతే బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. మా పెద్ద గుమాస్తా పొద్దున బీపీ గోళీ వేసుకుంటాడు, మధ్యాహ్నం మిమ్మల్ని తాగుతాడు, ఆ తర్వాత సేటు ముందు లెక్కలకు కూర్చుంటాడు. పాపం ఆ గోళీ ఒక్కటే ఎంతమందితో కొట్లాడుతుంది?

అసలు ఆకు దగ్గరికి వద్దాం. మీరు మా చాయ్‌ని చూసి ముక్కు చిట్లిస్తారని విన్నాను. ఇద్దరూ ఒకే చెట్టు బిడ్డలు కదా. కోసిన ఆకును వెంటనే ఆవిరిలోనో వేడి పెనం మీదో వేడి చేస్తే ఆకుపచ్చగా మిగిలి మీరయ్యారు. నలిపి, గాలి తగలనిచ్చి, నల్లబడనిస్తే మా చాయ్ అయింది. 1930 ప్రాంతంలో అస్సాంలో ఆకును నుజ్జు చేసి, చింపి, గుండ్రంగా చుట్టే సీటీసీ మిషన్ వచ్చాక మావాళ్లు సన్న గింజలైపోయారు. అందుకే చిటికెడు పొడితో గిన్నెడు చాయ్ చిక్కగా దిగుతుంది, అందుకే హమాలీకి కూడా అందుతుంది. పైగా మీరు పంచే ప్రశాంతతలోనూ కెఫీన్ ఉంది. కప్పుకు 30 మిల్లీగ్రాములు అటూ ఇటూ. కాఫీలో దానికి మూడింతలు ఉంటుంది, నిజమే. అయినా నిద్రమత్తు వదిలించే సరుకు లోపల పెట్టుకుని, పైన కళ్లు మూసుకున్న ఆవిడ బొమ్మ వేయించుకోవడానికి చాలా ధైర్యం కావాలి.

మీరు వచ్చిన మొదటి రోజు యార్డులో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. చిన్న సేటు అందరికీ తలా ఒక టీ సంచి పంచాడు. మా చాయ్ బండి అన్న తన అలవాటు కొద్దీ నీళ్లు తెర్లించి, మీ సంచుల్ని వరసగా అందులో పడేసి, దారాలు గిన్నె అంచు మీద వేలాడేసి, పది నిమిషాలు మంట మీదే వదిలేశాడు. మీకు 80 డిగ్రీల వేడి చాలు, రెండు మూడు నిమిషాలు చాలు, అంతకు మించితే చేదెక్కుతారు. ఆ ముక్క ఆయనకెవరు చెప్పారు? ఒక దారానికున్న చిన్న కాగితం గిన్నెలో మునిగి, రంగు వదిలి, ఒక హమాలీ గ్లాసులో తేలింది. ఆయన దాన్ని వేలితో తీసి బస్తాకు అంటించి, "ఇందుల పాలేవి బిడ్డా?" అని మర్యాదగానే అడిగాడు. కాంటా వేసే మా దడువాయి కాక మాత్రం గ్లాసు ముట్టలేదు. తన సంచిని పళ్లతో చింపి, అరచేతిలో పోసుకుని, సోంపు గింజలు ఒక్కొక్కటే ఏరి నోట్లో వేసుకున్నాడు. మిగిలింది దులిపేసి, "అరుగుదలకు గిదే అసలు సరుకు, కడమదంతా తాలు" అని కాంటా దగ్గరికి పోయాడు. ముప్పై ఏళ్లుగా సరుకు తూచిన చెయ్యి అది.

పాలేవి అని ఆ హమాలీ అడిగింది ఉత్త అలవాటు కొద్దీ అనుకోకండి. మాది మిర్చి యార్డు. సీజన్‌లో తేజ రకం బస్తాలు విప్పితే గేటు దగ్గరే తుమ్ములు మొదలవుతాయి. చపాట కాయైతే నయం, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. తేజ అట్లా కాదు, గొంతు, పెదాలు, కళ్లు, దేన్నీ వదలదు. ఆ మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలో ఉండే కేసీన్ దాన్ని నాలుక మీంచి పట్టుకుపోతుంది. చిక్కటి పాల చాయ్, లేదంటే చల్ల, ఇవే మా పనికి తగ్గ మందులు. మీరు పాలు లేని వేడినీళ్లు. రేకుల షెడ్డు కింద ఏప్రిల్ ఎండలో, నోరు మండుతున్న మనిషికి, ఇంకో మంట.

రాలిన కాయలు ఊడ్చి తాలు ఏరే అక్కలకు కూడా చిన్న సేటు మిమ్మల్ని పంచాడు, అన్నం తిన్న వెంటనే తాగమన్నాడు. వాళ్లలో రక్తం తక్కువున్నవాళ్లే ఎక్కువ. తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరలోని, పప్పులోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, కనీసం గంటైనా ఆగాలి. ఈ తప్పు మా చాయ్‌కీ ఉంది, పక్షపాతం లేకుండా చెప్తున్నాను. కానీ మా చాయ్ ఎన్నడూ తన నుదుటి మీద ఆరోగ్యం అని రాసుకోలేదు.

ఇవన్నీ చిన్న తగవులు. నా అసలు ఫిర్యాదు వేరే.

మా కడుపులు ఎందుకు చెడ్డాయో మిమ్మల్ని తెచ్చినవాళ్లు ఎవరూ అడగలేదు. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు పై ధర తేల్చే వేలం, అవుతుంది. ఆ ధర విని రైతు ముఖం వెలుగుతుంది. తర్వాత ఖరీదుదారు వచ్చి బస్తాలో చెయ్యి పెట్టి, తేమ ఉందంటాడు, తాలు ఉందంటాడు, ఆ వెలుగు కాస్తా తగ్గుతుంది. ఆ రేటు గొడవ తెగేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఆపై కాంటాలు, ఆపై తక్‌పట్టీలు. బండి కిరాయి కట్టి ఊరికి పోవాల్సిన రైతు నా బల్ల ముందే నిలబడి ఉంటాడు. ఆయన్ని నిలబెట్టి నేను అన్నం ఎట్లా తినను? మూడు దాటాక, చల్లారిన అన్నం, ఎడమ చేత్తో పద్దు పట్టుకుని, నమలకుండా మింగడమే. అది అరగలేదంటే తప్పు కడుపుదా?

ఆ తర్వాత మాకు ఒక్కటే దిక్కుండేది. గేటు బయట చాయ్ బండి. నడిచి వెళ్లి, వన్ బై టూ చెప్పి, బల్ల మీద కూర్చుని, ఖమ్మంలో ఎంత పలికింది, గుంటూరులో ఎంత పలికింది, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, అన్నీ అక్కడే. పొద్దున రేటు దగ్గర నాతో గొడవపడ్డ రైతే అక్కడ నాకు చాయ్ చెప్పేవాడు. పావుగంట. ఆ పావుగంటలో సేటు కేక వినపడేది కాదు.

మీరు వచ్చాక లేవబోతే చాలు, "ఎక్కడికి, టీ ఇక్కడే ఉంది కదా" అంటున్నారు. మీ కెటిల్ నా మోచేతికి ఆనుకుని ఉంది. లేవకుండా, చూపు తిప్పకుండా, ఒక గుటకకు ఒక తక్‌పట్టీ చొప్పున తాగొచ్చు. పోయిన పావుగంట మీ ధరలో కలిపారో లేదో గానీ, మా సేటుకు మాత్రం మీరు చాలా చవగ్గా పడ్డారు.

కాబట్టి మనవి. ఈసారి అచ్చు వేయించుకునేటప్పుడు మీ వెనక, వాడే విధానం అన్నచోట, మొదటి వరుసగా ఇది చేర్పించండి: "అరగంట కూర్చుని, నమిలి, అన్నం తిన్న మనిషికే ఇది పనిచేస్తుంది." అక్షరాలు పెద్దవిగా ఉండాలి. మా పెద్ద సేటు కళ్లజోడు పెట్టుకోడు. వీలైతే కొండ మీద ఆవిణ్ని దించి, ఆ చోట చాయ్ బండి బల్ల బొమ్మ వేయించండి. ఇవేవీ కుదరకపోతే కనీసం ఆ కెటిల్‌ను కాలబెట్టుకోండి. మా యార్డులో కరెంటు హెచ్చుతగ్గులకు అదేమంత కష్టమైన పని కాదు, మీ మీద ఎవరూ అనుమానపడరు.

మూడో షెడ్డులో కాంటా మొదలైందట, పిలుస్తున్నారు. ఉంటాను.

ఇట్లు,
మీ ఎదుటి బల్ల గుమాస్తా

తా.క. మీ రేకు డబ్బా, మూత చాలా గట్టిగా ఉన్నాయి, ఆ మాటకు తిరుగులేదు. ఖాళీ అవగానే గుండుసూదులకూ రబ్బరు బ్యాండ్లకూ నేను తీసుకుంటానని చిన్న సేటుతో ముందే చెప్పి ఉంచాను. దడువాయి కాక కూడా అడిగాడు. ఇచ్చేది లేదు.