రకర్ పార్కులో సప్తపది

పోయిన వేసవిలో న్యూజెర్సీ వెళ్తే మా మేనల్లుడు లిబర్టీ విగ్రహం సంగతి పక్కనపెట్టి, "పద మామయ్యా, అసలు న్యూయార్క్ చూపిస్తా" అన్నాడు. 155వ వీధి స్టేషన్‌లో దిగి పైకొస్తే హార్లెం అనే పేట. ఎదురుగా ఇనప కంచె, లోపల బాస్కెట్‌బాల్ కోర్టు. ఇంతేనా అన్నాను.

"ఇంతేనా ఏంటి! ఇది రకర్ పార్కు" అని క్లాసు పీకాడు. పార్కుల శాఖలో పనిచేసే హోల్కోంబ్ రకర్, పేట పిల్లలు పాడైపోకూడదని 1950లో టోర్నమెంటు మొదలెట్టాడట. ఆటతోపాటు ప్రోగ్రెస్ కార్డులూ చూసేవాడట. (అలాంటాయన మా ఊళ్లో ఉంటే కబడ్డీ జట్టే ఉండేది కాదు.) నలభై నిండకుండానే 1965లో పోయాడు. 1974లో పార్కుకి ఆయన పేరు పెట్టారు. బాస్కెట్‌బాల్ దిగ్గజం జూలియస్ ఎర్వింగ్ ఆడుతుంటే జనం చెట్లెక్కి మరీ చూసేవారట. ఇక్కడ బాగా ఆడినవాడికి సొంత పేరు మిగలదు. ఒకాయన 'గోట్', ఒకాయన 'డిస్ట్రాయర్', ఎర్వింగేమో 'డాక్టర్'.

అంతలో ఒక కుర్రాడు కంచె దగ్గరకొచ్చి నన్నేదో అడిగాడు. ముక్క అర్థం కాలేదు. మన అలవాటు కొద్దీ తల అటూ ఇటూ ఆడించాను. అదే కొంప ముంచింది. వాళ్ల జట్టులో ఒక మనిషి తక్కువట. నాది ఆరడుగుల రెండంగుళాల ఎత్తు. ఇంట్లో బూజు దులపడానికి తప్ప ఇంతవరకూ ఎందుకూ పనికిరాలేదు. రెండు నిమిషాల్లో కోర్టు మధ్యలో ఉన్నాను, చొక్కా జేబులో కళ్లజోడు పెట్టెతో సహా.

బంతి నా చేతికొచ్చింది. నాకు తెలిసిన ఆట కబడ్డీ ఒక్కటే. బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తాను. ఒక్కడూ అడ్డు రాలేదు! వెనక నుంచి "ట్రావెలింగ్!" అని అరిచారు. ఆట మధ్యలో కూడా ఎంత మర్యాదగా పలకరిస్తున్నారో అనుకుని, ఆగి, "యస్, ఫ్రమ్ విజయవాడ" అన్నాను.

ఒకడు నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. కంచె పట్టుకుని మేనల్లుడు అరుస్తున్నాడు: "బంతి నేలకి కొట్టకుండా అన్ని అడుగులు వేస్తే తప్పు మామయ్యా! ఏడేశావ్!"

బంతితో ఏడడుగులు! ఇంకేముంది, పెళ్లయిపోయినట్టే.

అప్పుడొక పిల్లాడు, పన్నెండేళ్లుంటాయేమో, నా చెయ్యి పట్టుకుని అరచేత్తో కాదు, వేళ్ల కొసలతో కొట్టాలని చూపించాడు. ఒక్కొక్కరూ మరొకరికి నేర్పాలన్నది రకర్ గారి మాటేనట. కొట్టాను. బంతి నా బూటుకే తగిలి కంచె దాకా పోయింది.

ఇదే కోర్టులో 2011లో బాస్కెట్‌బాల్ స్టార్ కెవిన్ డ్యూరాంట్ ఒక్క ఆటలో 66 పాయింట్లు కొట్టాడని తిరిగొస్తూ మేనల్లుడు గుర్తుచేశాడు, నా సున్నా పక్కన పెట్టి చూసుకోమన్నట్టు. నేను పట్టించుకోలేదు. గేటు దాటుతుంటే లోపలి నుంచి ఆ కుర్రాళ్లంతా "సీ యూ, విజవాడా!" అని చేతులూపారు మరి.

మేనల్లుడు స్టేషన్ మెట్ల మీద ఆగి మొహం ముడుచుకున్నాడు. "మూడేళ్లుగా ఇక్కడ ఆడుతున్నాను మామయ్యా. నాకింకా పేరు పెట్టలేదు."