తాళం తీసే మనిషి ఉంటేనే పాత కట్టడం బతుకుతుంది

హైదరాబాద్‌లో మొజాంజాహీ మార్కెట్‌కి ఎండ తగ్గాక ఒకసారి వెళ్లండి. రోడ్డు మీద హారన్ల మోతను వెనక వదిలేసి, రాతి కమాను కింద నుంచి లోపలికి నడిచి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. పొద్దంతా ఎండ తాగిన గ్రానైట్ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. సీజన్ అయితే సీతాఫలం ఐస్‌క్రీం కోసం కుటుంబాలకు కుటుంబాలు నిలబడి ఉంటాయి. అత్తరు కొట్టు ముందు ఎవరో మణికట్టు చాచి వాసన చూస్తుంటారు. వాళ్లలో చాలామంది వారసత్వ కట్టడం చూడ్డానికి వచ్చినవాళ్లు కాదు, తమ పని మీద వచ్చినవాళ్లు. ఈ కట్టడం విషయంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1935లో దీన్ని కట్టించి, రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. దశాబ్దాల పాటు నగరానికి పండ్ల మార్కెట్ ఇదే. 1980లలో ఆ వ్యాపారం కొత్తపేటకు తరలిపోయింది. ఆ తర్వాత రేకుల షెడ్లు పుట్టుకొచ్చాయి. బోర్డులు, వైర్లు రాయిని కప్పేశాయి. పైకప్పు కారడం మొదలైంది. 2018లో మరమ్మతులు మొదలుపెట్టి, 2020 ఆగస్టులో మళ్లీ ప్రారంభించారు. షెడ్లు పీకేశారు, కప్పు బాగుచేశారు, రాయి మీద పేరుకున్న మసి వదిలించారు. ఆ తర్వాత ముషాయిరాలు (ఉర్దూ కవి సమ్మేళనాలు), ఖవ్వాలీలు కూడా ఆ ఆవరణలో జరిగాయి.

ఇక్కడ చేసిన తెలివైన పని మాత్రం ఫొటోల్లో కనిపించదు. కొట్ల వాళ్లను ఖాళీ చేయించలేదు. పాత కట్టడం బాగుచేయాలంటే ముందు అందులో ఉన్నవాళ్లను పంపించేయాలన్న ఆలోచన మన దగ్గర బలంగా ఉంది. అందరినీ పంపించేసి, రంగులేసి, లైట్లు పెట్టి, టికెట్ కౌంటర్ తెరిస్తే అది రెండేళ్లలో మళ్లీ తాళం పడ్డ ఇల్లవుతుంది. గోడలో రావి మొక్క మొలిస్తే ముందు కనిపెట్టేది పురావస్తు శాఖ ఇంజినీరు కాదు, పొద్దున్నే షట్టర్ ఎత్తే కొట్టాయన. వాన నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, రాత్రిపూట ఎవరొచ్చి కూర్చుంటున్నారో ఆయనకు తెలుసు. ఆ కాపలాకి మనం జీతం కూడా ఇవ్వక్కర్లేదు.

ఇక మరమ్మతు ఎలా చేయాలన్న సంగతి. దీని గురించి నాకు సొంత అనుభవం ఉంది. మా తాతగారి ఇల్లు మట్టి, ఇటుక, సున్నం గారతో కట్టింది. ఒక గోడ కింది భాగం పెచ్చులు ఊడుతోందని, గట్టిగా ఉంటుందని సిమెంటు పూయించాం. రెండు వానాకాలాలు గడిచాయి. సిమెంటు అలాగే నిలిచింది, దాని వెనక ఇటుక పిండి పిండిగా రాలిపోయింది. నేల నుంచి ఎక్కిన తడి అంతకుముందు సున్నం గుండా మెల్లగా గాలిలోకి పోయేది. మేం ఆ దారి మూసేశాం. తడి ఇంకా పైకి, మనిషి ఛాతీ ఎత్తు దాకా ఎగబాకి ఉప్పు పూత పూసింది. వేలితో గీకితే ఇటుక గోరు కిందకి వచ్చింది. ఇప్పటికీ ఆ గోడ గుర్తొస్తే బాధేస్తుంది. డబ్బు పెట్టి మరీ పాడుచేసుకున్నాం.

డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలు అందుకే తొందరపెట్టినా తొందరపడరు. సున్నాన్ని రోజుల తరబడి నీళ్లలో నాననిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో నూరతారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోస్తారు. పలచగా ఒక పూత వేసి, అది ఆరేదాకా ఆగి, మరో పూత వేస్తారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. టెండర్లో 'మూడు నెలల్లో పూర్తి' అని రాసి, ఈ పని నాణ్యంగా జరగాలంటే ఎలా జరుగుతుంది? పైగా ఈ చేతిపని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ప్రతి పెద్ద మరమ్మతు దగ్గరా పదిమంది కుర్రాళ్లకైనా ఈ పని నేర్పించడం టెండరు షరతుల్లో ఉండాలని నా అభిప్రాయం.

పర్యావరణం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సిమెంటు తయారీకి కొలిమి 1,450 డిగ్రీల దాకా వేడెక్కాలి, సున్నానికి 900 డిగ్రీల చుట్టుపక్కల సరిపోతుంది. అంతకంటే ముఖ్యం, నిలబడి ఉన్న కట్టడాన్ని కూల్చకపోవడం. ఆ రాయి తవ్వి, మోసి, పేర్చడానికి అయిన శ్రమ, ఇంధనం ఎప్పుడో ఖర్చయిపోయాయి. కూల్చి కొత్తది కట్టడమంటే అదంతా చెత్తకుప్పలో పోసి మళ్లీ మొదటి నుంచి ఖర్చు పెట్టడమే. హైదరాబాద్‌లోని పాత ప్యాలెస్ ఎర్రం మంజిల్‌ని కూల్చి కొత్త అసెంబ్లీ భవనం కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. అప్పుడు చర్చంతా చరిత్ర చుట్టూనే తిరిగింది. ఈ లెక్క గురించి కూడా మాట్లాడాల్సింది.

ఇప్పుడు నా దృష్టంతా సర్దార్ మహల్ మీద ఉంది. చార్మినార్‌కి కూతవేటు దూరంలో, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1900లో సర్దార్ బేగం కోసం కట్టించిన ఇల్లది. ఆవిడకి నచ్చలేదని, అందులో ఉండనే లేదని చెబుతారు. పన్ను బకాయిల కింద 1965లో మున్సిపల్ కార్పొరేషన్ చేతికొచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే కార్పొరేషన్ ఆఫీసుగా నడిచింది. దాన్ని బాగుచేసి ఆర్ట్ గ్యాలరీ, సాంస్కృతిక కేంద్రం, కేఫ్, అతిథి గదులు పెట్టాలన్నది ప్రభుత్వ ప్రణాళిక.

ఆలోచన మంచిదే. నా టెన్షన్ అంతా ఎవరి కోసం అన్న దగ్గరే. కేఫ్‌లో టీ రెండు వందలైతే పక్క గల్లీ మనిషి గేటు దగ్గరే ఆగిపోతాడు. నిర్వహణకి డబ్బు కావాలి కదా అని అధికారులు అడుగుతారు. అడగాలి కూడా, పైకప్పు ఏటా చూసుకోకపోతే ఎంత మంచి మరమ్మతైనా నిలవదు. అతిథి గదుల మీద, కేఫ్ మీద వచ్చే ఆదాయంలో ఇంత వాటా మరమ్మతుల నిధికే అని ఒప్పందంలో రాసుకుంటే సరిపోతుంది. మిగిలిన గదుల నుంచి కూడా లాభం పిండాలని చూస్తేనే చిక్కు.

ఎందుకంటే ఆ ఇంటి చుట్టూ ఉన్నంత కళ నగరంలో మరోచోట లేదు. ఛత్తా బజార్‌లో ఉర్దూ అక్షరాలు చేత్తో రాసే కాతిబ్‌లు ఉన్నారు. కంప్యూటర్ వచ్చాక పని తగ్గి, పెళ్లి కార్డుల కొట్లలో ఓ మూల కూర్చుంటున్నారు. లాడ్ బజార్ వెనక ఇళ్లలో లక్క కరిగించి గాజుల మీద రాళ్లు అద్దే ఆడవాళ్లున్నారు. పొగ, వేడి, చాలీచాలని వెలుతురు. జరీ దారాలతో కుట్టే జర్దోజీ పని చట్రం వేసుకోవడానికి గది సరిపోక మంచం నిలబెట్టి పనిచేసేవాళ్లున్నారు. ఎత్తయిన కప్పు, పెద్ద కిటికీలు, ధారాళంగా గాలి ఉన్న ఇల్లు పక్కనే ఉంది. వీళ్లు పగలు అక్కడ పనిచేసుకుంటూ, సాయంత్రం నేర్చుకోవాలనుకునే పిల్లలకు నేర్పితే గ్యాలరీకి వేరే ప్రదర్శన అక్కర్లేదు.

దీనికి కొత్త చట్టం ఏమీ అవసరం లేదు. నిర్వహణ ఎవరికిచ్చినా, గదుల కేటాయింపు జాబితాలో చుట్టుపక్కల చేతిపనివాళ్ల పేర్లు మొదట ఉండాలి. అద్దె వాళ్లు కట్టగలిగేంతే ఉండాలి. వారంలో కొన్ని సాయంత్రాలు గేటు ఉచితంగా తెరవాలి. కమిటీలో బస్తీవాళ్లు కనీసం ఇద్దరు కూర్చోవాలి. ఇవన్నీ ఒప్పందం మీద సంతకాలు పడకముందే జరగాలి. సంతకాలయ్యాక వచ్చి అడిగితే, ఆ గదులు అప్పటికే ఎవరికో ఖాయమై ఉంటాయి.