హరిత ఖననవాటికలో నడక: మన సంఘాలు ఎందుకు వెళ్లాలి

దేహాన్ని రసాయనాలతో నింపకుండా, కాంక్రీటు పెట్టెలో దాచకుండా నేరుగా మట్టికి అప్పగించే హరిత ఖననవాటికలు ఇప్పుడు అంత్యక్రియలతో సంబంధం లేని సందర్భాలకు కూడా తమ తలుపులు తెరుస్తున్నాయి. వసంతంలో పూల మొక్కలను గుర్తుపట్టే నడక, తెల్లవారుతూనే పక్షులను చూసే నడక, చలికాలానికి ముందు విత్తనాలు చల్లే రోజు, చెట్ల కింద కూర్చుని మరణం గురించి తీరిగ్గా మాట్లాడుకునే సమావేశం వంటివి ఈ ఖననవాటికల కార్యక్రమాల్లో ఏటా కనిపిస్తున్నాయి. శ్మశానంలో విహారమేమిటని నొచ్చుకునేవారి మనసు నాకు అర్థమవుతుంది, వారి అభ్యంతరానికి ఈ వ్యాసంలోనే తిరిగి వస్తాను. అయితే ఈ నడకలు ఆ స్థలానికి చేర్చిన అలంకారం కావనీ, ఆ నేల తన మాట నిలబెట్టుకోవడానికి తప్పనిసరి అయిన పని అనీ నేను నమ్ముతున్నాను. అందుకే అమెరికాలోని మన తెలుగు సంఘాలు వాటికి వెళ్లాలని, ఒకసారి చూసి వచ్చే సందర్శకులుగా కాకుండా ఏటా తిరిగి వచ్చే పొరుగువారిగా వెళ్లాలని కోరుతున్నాను.

చనిపోయినవారి మధ్య నడవడం కొత్త అలవాటేమీ కాదు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి దగ్గర 1831లో మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికను నెలకొల్పినవారు దానిని కొండలూ చెరువులూ వంపులు తిరిగే దారులూ ఉన్న వనంగా తీర్చిదిద్దారు. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కు ప్రజలకు తెరుచుకున్నది 1858లో. అంతకుముందు పెద్ద పట్టణాల జనానికి పచ్చదనంలో తిరిగే అవకాశం ఇచ్చినవి చాలావరకు ఇలాంటి శ్మశానవాటికలే, వాటి దారులను వివరించే చేతిపుస్తకాలు కూడా ఆ రోజుల్లోనే అచ్చయ్యాయి. వలస పక్షులు వచ్చే మే నెలలో ఈనాటికీ బైనాక్యులర్లు మెడలో వేసుకున్నవారు మౌంట్ ఆబర్న్‌లో తిరుగుతూనే ఉంటారు. దాదాపు రెండు వందల ఏళ్లుగా ఆ నేల దుఃఖించేవారికీ నడిచేవారికీ చోటిస్తోంది.

హరిత ఖననవాటికల చరిత్ర అంతకంటే చాలా చిన్నది. ఇంగ్లండ్‌లోని కార్లైల్ పట్టణంలో శ్మశానవాటికలను నిర్వహించిన కెన్ వెస్ట్ 1993లో రాతి ఫలకాలకు బదులు చెట్లు పెరిగే వన ఖననస్థలాన్ని ప్రారంభించారు. అమెరికాలో వైద్యుడు బిల్లీ క్యాంబెల్, ఆయన భార్య కింబర్లీ కలిసి 1998లో దక్షిణ కరోలినాలోని వెస్ట్‌మినిస్టర్ దగ్గర రామ్సీ క్రీక్ అడవిలో తొలి హరిత ఖననవాటికను తెరిచారు. ఖననం ద్వారానే ఒక అడవిని కాపాడవచ్చన్నది వారి ఆలోచన. ఇలాంటి ఖననవాటికలకు ధ్రువీకరణ ఇచ్చే సంస్థగా 2005లో ఏర్పడిన గ్రీన్ బరియల్ కౌన్సిల్ ఈ స్థలాలను మూడు రకాలుగా గుర్తిస్తుంది. మామూలు శ్మశానంలో కొంత భాగాన్ని హరిత ఖననానికి కేటాయించినవి ఒక రకం, మొత్తం స్థలం సహజ పద్ధతికే అంకితమైనవి రెండో రకం, ల్యాండ్ ట్రస్టుతో, అంటే భూములను కాపాడే సంస్థతో, ఒప్పందం ఉండి ఆ నేలను శాశ్వతంగా ప్రకృతి పరిరక్షణకు అంకితం చేసినవి మూడో రకం. నేను ఎక్కువగా మాట్లాడుతున్నది పరిరక్షణ ఖననవాటికలనే ఈ మూడో రకం గురించి.

అటువంటి ఒప్పందం ఆ నేలను ఇళ్ల స్థలాలుగా ముక్కలు చేయకుండా ఆపగలదు. కానీ అది కలుపు పీకదు, వాన కోసిన దారిని పూడ్చదు, ఎండిపోతున్న మొక్కకు నీళ్లు పోయదు. పరదేశాల నుంచి వచ్చిన తీగలూ పొదలూ స్థానిక మొక్కలను అణిచివేస్తుంటే కొన్నేళ్లలోనే అడవి రూపు మారిపోతుంది, దాన్ని గమనించడానికి ఆ నేలను బాగా ఎరిగిన కళ్లు కావాలి. నిర్వాహకులు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వారు ఖననాలు చూసుకోవాలి, కుటుంబాలతో మాట్లాడాలి, పత్రాలు సరిచూడాలి. మిగిలిన పనికి చేతులు నడకల నుంచే వస్తాయి. మొదట చూడటానికి వచ్చినవారిలో కొందరు రెండోసారి చేతి తొడుగులతో వస్తారు. ఫ్లోరిడాలోని గైన్స్‌విల్ దగ్గర ప్రెయిరీ క్రీక్ పరిరక్షణ ఖననవాటిక 2010 నుంచి ఇలా స్వచ్ఛందంగా పనిచేసేవారి అండతోనే నడుస్తోంది.

మరో కారణం జ్ఞాపకానికి సంబంధించినది. ఈ స్థలాల్లో ఎత్తైన రాళ్లు ఉండవు. ఉంటే నేల మట్టానికి ఆనించిన చదునైన రాయి, లేదా ఒక చిన్న అంకె బిళ్ల ఉంటుంది. కొన్నిచోట్ల అదీ లేక సర్వే పటంలో మాత్రమే నమోదు ఉంటుంది. పటం చోటును చూపగలదు. ఆ వాలు మీద ఏ చెట్టు ముందు పూస్తుంది, వానాకాలంలో ఏ దారి బురద అవుతుంది, ఆ మూలను ఎవరు ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు అన్నవి మాత్రం మనుషుల నోటి ద్వారానే ఒక తరం నుంచి మరో తరానికి చేరాలి. రాతికి అప్పగించే పనిని ఇక్కడ నడిచేవారికి అప్పగించాం కాబట్టి నడిచేవారు ఉండి తీరాలి.

ఇక మంచి నడక ఎలా ఉండాలన్నది. నా అభిప్రాయంలో అది సుందరమైన చోటు నుంచి కాక, తాజా సమాధి దగ్గర నుంచి మొదలు కావాలి. ఆ కుటుంబం అనుమతి ఉంటేనే అక్కడికి వెళ్లాలి, లేకపోతే ఇంకా ఎవరినీ పూడ్చని గోతి దగ్గర ఆగితే చాలు. గోతి తవ్వేటప్పుడు పైమట్టిని ఒక పక్కన, అడుగు మట్టిని మరో పక్కన ఎందుకు పోస్తారో అక్కడ చూపవచ్చు: జీవం ఎక్కువగా ఉండేది పైమట్టిలో, అది తిరిగి పైకే చేరాలి. గోతి లోతు సాధారణంగా మూడు, నాలుగు అడుగులే ఉంటుంది. అంతకంటే లోతుకు వెళితే గాలీ సూక్ష్మజీవులూ తగ్గి, దేహం మట్టిలో కలవడం నెమ్మదిస్తుంది. పూడ్చిన తరువాత మట్టిని నేలకంటే ఎత్తుగా కుప్ప పోయడం చూసి కొత్తవారు తొందరలో చేసిన పనిగా అనుకుంటారు. పెట్టె కుంగి, వస్త్రం చివికి, మట్టి సర్దుకుంటూ ఆ ఎత్తు నెలల తరబడి దిగుతుందనీ, చివరకు చుట్టూ ఉన్న నేలతో సమం కావడానికే అంత మట్టి వేశారనీ దారి చూపేవారు చెప్పాలి.

అక్కడి నుంచి ఏడాది క్రితం సమాధి దగ్గరకు వెళ్లాలి. కుప్ప సగానికి దిగి, చల్లిన గడ్డి మొలిచి, మధ్యలో ఎక్కడో కొత్తగా పోసిన మట్టి ఉంటుంది. ఆ తరువాత ఎన్నో ఏళ్ల కిందటి సమాధి వరుసను చూపమంటే దారి చూపేవారే ఒక్క క్షణం ఆగి పటం తీస్తారు, ఎందుకంటే అక్కడ గడ్డీ పూలూ తప్ప కంటికి ఏమీ కనిపించదు. ఈ మూడు చోట్లనూ ఈ వరుసలో చూసినవారికి హరిత ఖననం గురించి మరో ఉపన్యాసం అవసరం ఉండదు. కరపత్రాల్లో ఎన్ని పేజీలు రాసినా ఈ వరుసను చూపలేవు, నడక మాత్రమే చూపగలదు.

ప్రతి నడకలోనూ జంతువులు తవ్వవా, నీరు పాడవదా, వాసన రాదా అన్న మూడు ప్రశ్నలు తప్పక వస్తాయి. వాటిని విసుక్కోకూడదు, అడగడానికి సిగ్గుపడి మనసులో ఉంచుకున్నవారు ఇంటికి వెళ్లి ఆ భయాన్నే పదిమందికి చెబుతారు. దేహం మీద కనీసం అడుగున్నర మట్టి ఉంటే వాసన పైకి రాదు, వాసన లేకపోతే జంతువులను ఆకర్షించేది కూడా ఏమీ లేదు. నీటి విషయంలో నేల స్వభావం, భూగర్భ జలమట్టం, బావులకూ వాగులకూ ఉండాల్సిన దూరం చూసిన తరువాతే సమాధుల చోట్లు నిర్ణయిస్తారు. అసలు ఆందోళన చెందాల్సింది ఎంబామింగ్‌లో, అంటే దేహం చెడిపోకుండా రసాయనాలు ఎక్కించే పద్ధతిలో, వాడే ఫార్మాల్డిహైడ్ గురించి. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని చేర్చింది. సహజ ఖననస్థలాల్లో దాన్ని అనుమతించరు.

పనితో కూడిన సమావేశాలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మిల్క్‌వీడ్ వంటి స్థానిక మొక్కల విత్తనాలు చలికాలమంతా తడి నేలలో గడిపితే గాని సరిగా మొలకెత్తవు, అందుకే వాటిని శరదృతువు చివర చల్లుతారు. మోనార్క్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులు తినేది ఆ ఆకులనే. పచ్చిక మైదానాల్లో నేల మీదే గూడు కట్టే పక్షులు ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా గడ్డి కోయకూడదు, కనుక వేసవి మొదట్లో ఆ స్థలం ‘పట్టించుకోని’ స్థలంలా కనిపించడం సహజం. ఈ సంగతి తెలియని కుటుంబసభ్యుడు ఎవరైనా తన తల్లి సమాధి చుట్టూ గడ్డి పెరిగిందని బాధపడతాడు. తెలిసినవాడు అందులో పక్షుల చప్పుడు వింటాడు. ఒక పూట వంగి విత్తనాలు చల్లినవారికి ఈ తేడా చెప్పనక్కరలేదు. ఒహాయోలో విల్మాట్ దగ్గర ఒక ప్రకృతి విద్యాకేంద్రం 2008లో ఫాక్స్‌ఫీల్డ్ పరిరక్షణ ఖననవాటికను ప్రారంభించింది. ప్రకృతి పాఠం చెప్పేవారే ఖననస్థలాన్నీ నడపడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది.

మాట్లాడుకునే సమావేశాలకు మాత్రం ఒక కట్టుబాటు అవసరం. జాన్ అండర్‌వుడ్ 2011లో లండన్‌లో మొదలుపెట్టిన డెత్ కేఫ్‌లకు, అంటే మరణం గురించి కలిసి కూర్చుని మాట్లాడుకునే సమావేశాలకు, ఒక నియమం ఉంది: వచ్చినవారిని ఏ నిర్ణయం వైపూ, ఏ వస్తువు వైపూ, ఏ చర్య వైపూ నడిపించకూడదు. హరిత ఖననవాటికలన్నీ తమ నడకల్లోనూ దీన్నే పాటించాలని నా కోరిక. నడక చివర ధరల పట్టిక పంచి, ‘ఈ నెలలో నిర్ణయించుకుంటే’ అని మొదలుపెట్టిన మరుక్షణం అప్పటిదాకా చెప్పినదంతా అమ్మకపు మాటగా మారిపోతుంది. కొనాలనుకునేవారు మరో రోజు వచ్చి అడుగుతారు. నిర్వహణకు డబ్బు కావాలన్న సంగతి నేను తోసిపుచ్చడం లేదు, అది నడక ముగిసిన చోట అడగవలసిన విషయం కాదంటున్నాను.

మొదట చెప్పిన అభ్యంతరానికి వస్తాను. ఖననస్థలం మొట్టమొదట దుఃఖించేవారిది, ఇందులో రెండో మాట లేదు. ఒకరు తమ వారి పక్కన ఒంటరిగా కూర్చోవడానికి వచ్చిన రోజున ముప్ఫై మంది గుంపు నవ్వుకుంటూ అటుగా వెళితే అది అపచారమే. కాబట్టి గుంపు పదిహేను మందికి మించకూడదు, కొత్త సమాధులను ఫొటోలు తీయకూడదు, స్థలంలో ఒక భాగాన్ని నడకలకు ఎప్పుడూ మూసి ఉంచాలి. పాటకచేరీలూ పెళ్లి ఫొటోలూ అక్కడ వద్దనే నేను అంటాను, ఎంత అందమైన వెలుగు ఉన్నా సరే. మన సంఘం కార్యక్రమాలకు అలవాటైన వేదిక, బ్యానరు, మైకు కూడా ఇంటి దగ్గరే ఉండాలి. ఈ హద్దులు పాటించినప్పుడు దుఃఖంలో ఉన్నవారికి నడిచేవారి ఉనికి భారం కాదు, తమ వారు పడుకున్న చోటును మరచిపోలేదన్న భరోసా అవుతుంది.

ఇంకొక మాట కూడా స్పష్టంగా చెప్పాలి. మనలో చాలామంది దహనాన్నే కోరుకుంటారు, ఈ వ్యాసం ఎవరి కోరికనూ మార్చడానికి రాసింది కాదు. నడకకు వెళ్లినంత మాత్రాన ఖననానికి ఒప్పుకున్నట్టు కాదు. చాలా హరిత ఖననవాటికలు అస్థికలను కూడా స్వీకరిస్తాయి. అయితే బూడిదలో ఉప్పూ క్షారగుణమూ ఎక్కువ కాబట్టి ఒకేచోట కుప్పగా పోస్తే మొక్కలకు హాని చేస్తుంది, దాన్ని తగినంత మట్టితో కలిపి పూడ్చాలి. ఏది ఎంచుకున్నా ఆ ఎంపికను తీరిక ఉన్నప్పుడు చేసుకోవడం మేలు. మరణం జరిగిన మరునాడు కుటుంబం కొత్తగా ఏమీ నేర్చుకునే స్థితిలో ఉండదు; ఎదుటివారు ఏది తప్పదంటే దానికి తల ఊపుతుంది. అంత్యక్రియల సంస్థల కోసం అమెరికాలో 1984 నుంచి అమల్లో ఉన్న ఫ్యునరల్ రూల్ అనే నిబంధన ప్రకారం, చట్టం కోరని చోట ఎంబామింగ్ తప్పనిసరి అని చెప్పడం నిషిద్ధం, ధరల పట్టిక అడిగి తీసుకునే హక్కు కూడా కుటుంబానికి ఉంది. ఇటువంటి విషయాలు వినడానికి చెట్ల మధ్య దారి ఆసుపత్రి వరండా కంటే చాలా మంచి చోటు. పెద్దవాళ్లు తమకు ఏమి కావాలో పిల్లలతో ఎదురెదురుగా కూర్చుని చెప్పలేకపోయినా పక్కపక్కన నడుస్తూ చెప్పగలుగుతారు.

కాబట్టి మన సంఘం కార్యవర్గానికి నా ప్రతిపాదన ఇది. దగ్గరలోని హరిత ఖననవాటికను ఒకదాన్ని ఎంచుకుని, వసంతంలో ఒక నడకకూ శరదృతువులో ఒక విత్తనాల రోజుకూ ఏటా అక్కడికే వెళ్దాం. ప్రతిసారీ కొత్త స్థలం వెతకడం కంటే ఒకే నేల మారడాన్ని ఏళ్ల తరబడి చూడటం విలువైనది. పదేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రులు తీసుకురావాలి, నడవలేని పెద్దల కోసం చదునైన దారి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. తేదీని మనం నిర్ణయించి వారికి తెలియజేయడం కాకుండా, ఏ రోజు వీలవుతుందో నిర్వాహకులనే అడగాలి. అలా నిర్ణయించిన రోజున కూడా ఒక కుటుంబానికి ఖననం అవసరం పడవచ్చు, అప్పుడు మనం తప్పుకోవాలి. అందుకని ఆహ్వానంలోనే ‘ఆ రోజు ఖననం ఉంటే నడక మరో వారానికి మారుతుంది’ అన్న వాక్యం ఉండాలనీ, బస్సు మాట్లాడుకునేటప్పుడే ఆ వీలు అడిగి పెట్టుకోవాలనీ కోరుతున్నాను.