ఎర్ర లైటు వెలుగుతుంటే రీస్టార్ట్ ఎందుకు?

ఇంటర్నెట్ రూటర్ మీద ఎల్‌ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) లైటు ఎర్రగా వెలుగుతోందంటే ఫైబర్ కేబుల్‌లోంచి సిగ్నల్ ఇంటిదాకా రావడం లేదని అర్థం. చాలావరకు కేబుల్ తెగి ఉండాలి, బాగా మడతపడి ఉండాలి, లేదా కనెక్టర్ వదులై ఉండాలి. కస్టమర్ కేర్ వాళ్లకు ఇది తెలియదా? అయినా ఫోన్ చేసిన ప్రతిసారీ ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్’ అనే చెబుతారు. కరెంటు తీగల కోసం చెట్ల కొమ్మలు కొట్టినప్పుడల్లా మా వీధిలో కేబుల్ తెగుతుంది. తెగిన ఫైబర్‌ను అతికించే స్ప్లైసింగ్ మిషన్‌తో మనిషి వస్తే కాసేపట్లో అయిపోయే పని. ఆ మనిషే రాడు! పైగా ‘మీ ఫిర్యాదు పరిష్కరించాం’ అని మెసేజ్. ఒళ్లు మండిపోతుంది. అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష, నాకు ఆఫీసు కాల్. మొబైల్ హాట్‌స్పాట్‌తో ఎంతసేపని నెట్టుకొస్తాం? బిల్లు మాత్రం నెల మొత్తానికీ కట్టాలట. నెట్ లేని రోజుల డబ్బు అడగకుండానే తగ్గించాలి.