కప్పు వంతెనకు చీపురే మొదటి మందు

అక్టోబరులో ఆకుల రంగులు చూడ్డానికి అమెరికాలోని వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలకు వెళ్లే మన కుటుంబాలు కప్పు వంతెన, అంటే ఇంటిలా పైకప్పూ పక్క గోడలూ ఉన్న చెక్క వంతెన, ముందు ఫోటో దిగకుండా తిరిగి రావు. ఫోటోలో పడేది కప్పూ, పక్క పలకలే. బరువు మోసే చెక్క చట్రం, అంటే ట్రస్, ఆ పలకల వెనక ఉంటుంది. ఊరి డబ్బు ముందు దాని మీదే ఖర్చు కావాలి.

గుర్రాలు నీళ్లు చూసి బెదరకుండా కప్పు వేశారని చెబుతుంటారు. అసలు శత్రువు వాన. తడుస్తూ ఉండే చెక్క వంతెన పది ఇరవై ఏళ్లకే అతుకుల దగ్గర కుళ్లిపోతుంది, కప్పుంటే వందేళ్లు దాటుతుంది. 1805లో ఫిలడెల్ఫియాలో తిమోతీ పామర్ కట్టిన వంతెనకు కప్పు వేయించాలన్నది జడ్జి రిచర్డ్ పీటర్స్. మంచు పడకుండా వేశారన్నదీ నిజం కాదు. చలికాలంలో చక్రాల్లేని స్లెడ్జి బళ్లు జారడం కోసం మనుషుల్ని పెట్టి మరీ లోపల మంచు పోయించేవారు.

1820లో ఇథియల్ టౌన్ పేటెంట్ తీసుకున్న జాలీ ట్రస్ పల్లెలకు బాగా అచ్చొచ్చింది. రంపపు మిల్లులో కోసిన మామూలు పలకల్ని తడిక అల్లినట్టు ఏటవాలుగా వేసి, కలిసిన ప్రతిచోటా బెజ్జం పెట్టి కొయ్య మేకులు దిగ్గొడతారు. పైనా కిందా పొడవునా పట్టీలు నడుస్తాయి. పైపట్టీ నొక్కుడును, కిందిపట్టీ లాగుడును తట్టుకోవాలి. అంత పొడవు కలప దొరకదు కనక కిందిపట్టీకి అతుకులు తప్పవు. అవి సాగితే వంతెన నడుం వంగుతుంది.

కనెక్టికట్ నదిపై కార్నిష్-విండ్సర్ వంతెన చూడండి. 1866లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ 9,000 డాలర్లకు కట్టారు. పొడవు సుమారు 449 అడుగులు, నది మధ్య ఒకటే స్తంభం. టాస్కర్ పలకలకు బదులు బరువైన దూలాలకు గాడి కోసి జాలీ అల్లాడు. 1987లో మూసి, పొరలు అతికించిన కలపతో బాగుచేసి 1989లో తెరిచారు. ఖర్చు 40 లక్షల డాలర్లు దాటినా సరైన పని, ఎందుకంటే ఈ రోజుకీ కార్ల బరువు మోసేది ఆ చెక్కే. చాలాచోట్ల వంతెన నేల కింద ఉక్కు దూలాలు దూర్చి, ట్రస్‌ను ఉత్త అలంకారం చేసేశారు. ఫైరింజను పోవడానికి వేరే దారి లేని ఊరికి అది తప్పకపోవచ్చు. దారి ఉన్న ఊరు ఆ పని చేయకూడదు.

కుళ్లు మొదలయ్యేది నడుమ కాదు, రెండు కొసల్లో. టైర్లు తెచ్చిన ఇసుకా ఉప్పూ నేల సందుల్లోంచి జారి, ఒడ్డు దిమ్మె మీద ట్రస్ ఆనే దుంగ చుట్టూ పేరుకుంటాయి. ఆ చెత్త తడి పట్టుకుని వదలదు. పైకి గట్టిగా కనబడే దుంగలోకి స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోతుంది. అంతదాకా వచ్చాక జాకీలతో వంతెన ఎత్తి దుంగ మార్చడం తప్ప దారి లేదు. మంచు కరగ్గానే కొసలు ఊడిస్తే ఆ అవసరమే రాదు.

ఇంకో దెబ్బ ఎత్తు లారీలది. ఇల్లు మారేటప్పుడు అద్దె ట్రక్కు నడిపేవాళ్లు జీపీఎస్‌ను నమ్మి ఎత్తు బోర్డు చూడరు. విరిగేది ముఖద్వారం ఒక్కటే కాదు. ట్రస్‌లు పక్కకు ఒరగకుండా పట్టుకునే మూల కొయ్యలూ ఊడిపోతాయి.

వరద సంగతి వేరు. వెర్మాంట్‌లో 1870 నాటి బార్టన్స్‌విల్ వంతెన 2011 ఆగస్టు 28న ఐరీన్ తుఫానులో ఒక వైపు ఒడ్డు కోసుకుపోయి ఏట్లో పడింది. ఊరివాళ్లు మళ్లీ జాలీ ట్రస్‌తోనే కట్టుకుని 2013లో తెరిచారు.

ఈ రాష్ట్రాలుండే న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో చాలా ఊళ్లు మార్చిలో టౌన్ మీటింగ్, అంటే ఊరి సభ, పెట్టి బడ్జెట్‌కు ఓటేస్తాయి. అక్కడ ఓటున్న మనవాళ్లు నోరు విప్పి అడగాలి: కొసలు ఏడాదికి ఎన్నిసార్లు ఊడుస్తున్నారు, వాన పడుతుండగా లోపల నిలబడి కప్పు కారుతోందేమో ఎవరు చూస్తున్నారు, ఒడ్డు దిమ్మెల కింద నీటి కోత చివరిసారి ఎప్పుడు కొలిచారు?