నిఘా కొలువుకు సీమ ఇంజినీరు

2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రంలో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం ఎగురుతున్న డ్రోన్‌ను కూల్చేసింది. జులైలో అక్కడే, డ్రోన్ నుంచి వదిలే చిన్న క్షిపణిని పరీక్షించారు. రెండుసార్లూ దేశమంతా కర్నూలు పేరు వినిపించింది. నంద్యాల రోడ్డు మీద రోజూ కాలేజీ బస్సుల్లో తిరిగే బీటెక్ పిల్లల్ని అడిగి చూడండి. ఆ డ్రోన్ ఎక్కడుందో పసిగట్టి, ఆ సమాచారాన్ని క్షణాల్లో ఆయుధానికి అందించే వ్యవస్థను ఎవరు కడతారు? ఆ పనికి ఎలా వెళ్తారు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. తప్పు వాళ్లది కాదు. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

ఇంజినీరింగ్ పూర్తి చేసిన సీమ పిల్లల కళ్లకు రెండే దారులు కనిపిస్తున్నాయి. ఒకటి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో సాఫ్ట్‌వేర్ కంపెనీ. రెండోది, చదివిన చదువును అటకెక్కించి గ్రూప్స్, ఎస్ఐ, బ్యాంకు పరీక్షల కోసం ఏళ్ల తరబడి కోచింగ్. మూడో దారి ఒకటుంది. దేశ నిఘా సంస్థల్లో సాంకేతిక ఉద్యోగం, ముఖ్యంగా అన్నింటినీ కలిపి నడిపించే సిస్టమ్స్ ఇంజినీరు పని. చదివిన చదువే అక్కడ పనికొస్తుంది, సర్కారు కొలువు అన్న ధీమా ఉంటుంది, దేశం కోసం చేస్తున్న పని అన్న తృప్తీ ఉంటుంది. ఈ దారిని మన కాలేజీలు, తల్లిదండ్రులు, ప్రభుత్వం ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఇకనైనా పట్టించుకోవాలని మేం గట్టిగా అడుగుతున్నాం.

నిఘా అనగానే మారువేషాలు, తుపాకులు గుర్తుకొస్తాయి. ఇవాళ ఆ పనిలో పెద్ద భాగం కంప్యూటర్ల ముందు, సర్వర్ గదుల్లో, ప్రయోగశాలల్లో జరుగుతోంది. దేశం లోపలి భద్రతను చూసే ఇంటెలిజెన్స్ బ్యూరోకు 1887 నుంచి చరిత్ర ఉంది. బయటి దేశాల సమాచారం కోసం 1968లో 'రా' ఏర్పడింది. కార్గిల్ యుద్ధం తర్వాత, పూర్తిగా సాంకేతిక నిఘా కోసమే 2004లో ఎన్‌టీఆర్‌వో పుట్టింది. విద్యుత్ గ్రిడ్లు, బ్యాంకులు, టెలికాం లాంటి కీలక వ్యవస్థల్ని సైబర్ దాడుల నుంచి కాపాడే జాతీయ కేంద్రం 2014 నుంచి దాని కిందే పనిచేస్తోంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్) దాడికి కుప్పకూలినప్పుడు ఓపీ చీటీలు మళ్లీ చేత్తో రాయాల్సి వచ్చింది. ఇలాంటి దాడుల్ని ముందే పసిగట్టేవాళ్లు దేశానికి ఎంత అవసరమో ఆ కొద్దిరోజుల్లో అందరికీ తెలిసొచ్చింది.

ఈ సంస్థలు మనుషుల్ని గుట్టుగా తీసుకుంటాయని, పలుకుబడి ఉంటేనే పని అవుతుందని మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. 2023 డిసెంబరులో ఇంటెలిజెన్స్ బ్యూరో 226 సాంకేతిక అధికారి పోస్టులకు బహిరంగంగానే నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో 79 కంప్యూటర్ సైన్స్ వాళ్లకు, 147 ఎలక్ట్రానిక్స్ వాళ్లకు. 2024లో, 'రా' ఏ గొడుగు కింద ఉందో ఆ కేంద్ర కేబినెట్ సెక్రటేరియట్ 160 డిప్యూటీ ఫీల్డ్ ఆఫీసర్ (టెక్నికల్) పోస్టులు ప్రకటించింది, ఈ రెండు బ్రాంచీలకూ చెరి సగం. మన కాలేజీల్లో ఎక్కువ సీట్లున్న బ్రాంచీలు ఏవో వేరే చెప్పక్కర్లేదు. రెండు చోట్లా మొదటి గడప, ఇంజినీరింగ్ వాళ్లకు జరిగే జాతీయస్థాయి పరీక్ష గేట్‌లో వచ్చిన స్కోరే. మూల వేతనం రూ.44,900 నుంచి మొదలవుతుంది. ఇంటెలిజెన్స్ బ్యూరోలో అయితే దానిమీద 20 శాతం ప్రత్యేక భద్రతా భత్యం అదనం.

కేబినెట్ సెక్రటేరియట్ కొలువుకు ఆన్‌లైన్ దరఖాస్తు లేదు. ఫారం నింపి, సర్టిఫికెట్ల నకళ్లు జతచేసి పోస్టులో పంపాలి. అడ్రసు: పోస్టు బ్యాగ్ నంబర్ 001, లోధీ రోడ్ హెడ్ పోస్టాఫీసు, న్యూఢిల్లీ. సంస్థ పేరు, భవనం పేరు ఏదీ ఉండదు. ఫోన్లో అన్నీ క్షణాల్లో అప్లై చేసే అలవాటున్న పిల్లలకు ఇది ఫేక్ అనిపించినా ఆశ్చర్యం లేదు. అనుమానంతో వదిలేసినవాళ్లు, గడువు దాటాక తెలుసుకున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ కవరు నిజమైనదే అని చెప్పే ఒక్క లెక్చరరు ఉంటే చాలు, ఆ కాలేజీ నుంచి పది కవర్లు వెళ్తాయి.

అసలు సిస్టమ్స్ ఇంజినీరు చేసే పనేంటి? విడివిడిగా బాగానే ఉన్న యంత్రాలు, సాఫ్ట్‌వేర్లు, మనుషులు కలిసి ఒకే పని చేసేలా అమర్చడం. అవసరం ఏమిటో ముందు స్పష్టంగా రాసుకోవాలి, ఏ భాగం ఏ భాగంతో ఎలా మాట్లాడాలో తేల్చాలి, అన్నీ కలిపాక అనుకున్నట్టు పనిచేస్తోందో లేదో పరీక్షించాలి. వినడానికి సులువే. ఒక కెమెరా సమయాన్ని భారత కాలమానంలో నమోదు చేస్తుందనుకోండి. దాని పక్కనే ఉన్న రేడియో రికార్డరు అంతర్జాతీయ కాలమానంలో నమోదు చేస్తుంది. రెండూ సరైనవే. కలిపి చూసినప్పుడు మాత్రం ఐదున్నర గంటల తేడా వస్తుంది. కెమెరాలో మనిషి కనిపించిన క్షణానికి, అతని సంభాషణకు లంకె కుదరదు. ఆ తేడాను మొదటి రోజే గమనించి సరిదిద్దే మనిషి లేకపోతే, కోట్లు పెట్టి కొన్న పరికరాలు రెండూ దండగే.

మన పేర్ల సంగతే తీసుకోండి. ఒక్క వెంకటేశ్వర్లు ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరం. కడప పేరుకే 2005 దాకా ఇంగ్లిషులో వేరే స్పెల్లింగు ఉండేది. వేర్వేరు డేటాబేస్‌లలో ఉన్న మనిషి ఒకడేనా, ఇద్దరా అని తేల్చడం నిఘా వ్యవస్థలకు రోజూ ఎదురయ్యే సమస్య. పొరపడితే నేరస్థుడు తప్పించుకుంటాడు, లేదా అమాయకుడు ఇరుక్కుంటాడు. తెలుగు పేర్ల తీరు పుట్టుకతో తెలిసిన ఇంజినీరు అక్కడ ఉండటం వల్ల ఎంత మేలో ఊహించుకోవచ్చు.

1999లో కార్గిల్ కొండల మీద చొరబాటుదార్ల జాడను మొదట చెప్పింది గొర్రెలు, జడల బర్రెలు కాసుకునే స్థానికులు. కె.సుబ్రహ్మణ్యం నేతృత్వంలోని సమీక్షా కమిటీ తర్వాత తేల్చిన లోపాల్లో ముఖ్యమైనది, సంస్థల మధ్య సమాచారం ఒకచోట చేరకపోవడం. ముక్కలు ముక్కలుగా తెలిసిన విషయాన్ని కలిపి చూసే ఏర్పాటు సరిగా లేదు. ఆ కలిపే పనే సిస్టమ్స్ ఇంజినీరింగ్.

ఇప్పుడు మన కాలేజీల వైపు చూడాలి. ఫైనలియర్ ప్రాజెక్టును డబ్బులిచ్చి కొనుక్కొచ్చే అలవాటు ఇంకా పోలేదు. సోర్స్ కోడ్, బైండింగ్ చేసిన రిపోర్టు, పవర్‌పాయింట్ అన్నీ ప్యాకేజీగా దొరుకుతాయి. వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా. మేనేజ్‌మెంట్లకు తెలుసు, విభాగాధిపతులకు తెలుసు, తల్లిదండ్రులే ఫీజుతో పాటు ఆ డబ్బూ సర్దుతున్నారు. ఇది పిల్లలకు చేస్తున్న ద్రోహం అని మేం చెప్పదలచుకున్నాం. ఇంటెలిజెన్స్ బ్యూరో ఎంపికలో గేట్ తర్వాత స్కిల్ టెస్టు ఉంటుంది, ఆ తర్వాత ఇంటర్వ్యూ. సొంతంగా ఒక సర్క్యూట్‌ను సరిచేయనివాడు, ఒక నెట్‌వర్క్‌ను మొదటి నుంచి అమర్చనివాడు అక్కడ తడబడకుండా ఎలా ఉంటాడు?

కొనుక్కునే ప్రాజెక్టు స్థానంలో ఒక చిన్న నిజమైన వ్యవస్థను కట్టించమని అడుగుతున్నాం. కాలేజీ బోరుబావి మోటారుకు, నీళ్ల ట్యాంకుకు, హాస్టల్ కుళాయిలకు సెన్సార్లు పెట్టి ఒకచోట చూపించే ఏర్పాటు చాలు. నీళ్ల విలువ తెలిసిన అనంతపురంలో అది పనికొచ్చే వస్తువు కూడా. నలుగురు విద్యార్థులు ముందు అవసరాలు రాయాలి. ఎవరి భాగం ఎవరి భాగానికి ఏ రూపంలో డేటా ఇవ్వాలో కాగితం మీద ఒప్పుకోవాలి. కరెంటు పోతే ఏమవ్వాలో ముందే అనుకోవాలి. ఏది ఎప్పుడు ఎందుకు మార్చారో రాసి ఉంచాలి. ఈ నాలుగూ అలవాటైన విద్యార్థికి సిస్టమ్స్ ఇంజినీరింగ్ పునాది పడినట్టే. 1946లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ వారసత్వమున్న అనంతపురం జేఎన్‌టీయూ, 2015లో వచ్చిన కర్నూలు ట్రిపుల్ఐటీడీఎం తలచుకుంటే సీమ కాలేజీలన్నింటికీ దీన్ని నేర్పగలవు.

చేరిన తర్వాతి మొదటి ఏళ్లు ఎలా ఉంటాయో కూడా దాచకుండా చెప్పాలి. పెద్ద బాధ్యతలు వెంటనే రావు. లాగ్‌లు (యంత్రాలు నమోదు చేసుకునే చిట్టాలు) చదవడం, పరికరాలను పరీక్షించడం, పాత వ్యవస్థను కొత్త దానికి మార్చేటప్పుడు రాత్రంతా కాపలా కాయడం, రాసిపెట్టడం, మళ్లీ రాసిపెట్టడం. పోస్టింగు దేశంలో ఎక్కడైనా పడొచ్చు. చేసిన పనిని సోషల్ మీడియాలో చెప్పుకోవడానికి వీల్లేదు. 1985 నాటి చట్టం ప్రకారం యూనియన్ పెట్టుకోవడానికి, పత్రికలతో మాట్లాడటానికి పరిమితులుంటాయి. మధ్యలో మానేసి ప్రైవేటుకు వెళ్తే ఏం పని చేశావంటే వివరంగా చెప్పలేరు. పెళ్లిచూపుల్లో, ఊళ్లో పండక్కి కలిసిన బంధువుల దగ్గర "మీవాడు ఏం చేస్తాడు" అన్న ప్రశ్నకు తల్లిదండ్రులు "కేంద్ర ప్రభుత్వంలో ఇంజినీరు" అని ఆపేయాలి. ఇవన్నీ తెలిసి వెళ్లేవాళ్లే వెళ్లాలి. ఆడపిల్లల్ని దూరం అన్న భయంతో ఆపొద్దని మాత్రం అమ్మానాన్నలకు ప్రత్యేకంగా చెబుతున్నాం. బెంగళూరులో రాత్రి షిఫ్టులకు పంపగలిగినవాళ్లు, ప్రభుత్వ భద్రత ఉన్న కొలువుకు పంపడానికి వెనకాడాల్సిన పనిలేదు.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు మన రాష్ట్రంలో మామూలు విషయమైపోయాయి. "అందరూ పెడుతున్నారు, నువ్వూ పెట్టు" అని సీనియర్లే సలహా ఇస్తారు. నిఘా సంస్థలో చేరేవాళ్ల గతాన్ని పోలీసులు విచారిస్తారు. చదివిన చోట, ఉన్న చోట వాకబు చేస్తారు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఉద్యోగం పోవడంతో ఆగదు. ఎందుకింత గట్టిగా చూస్తారో అర్థం చేసుకోవాలి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ నిఘా విభాగం కేంద్ర సంస్థలతో కలిసి విశాఖలో 'డాల్ఫిన్స్ నోస్' పేరుతో చేసిన ఆపరేషన్‌లో నౌకాదళ సిబ్బందే పట్టుబడ్డారు. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఆడవాళ్ల వలలో పడి సమాచారం చేరవేశారన్నది అభియోగం. అబద్ధం చెప్పి లోపలికి వచ్చినవాడిని, ఆ అబద్ధాన్నే పట్టుకుని బెదిరించడం శత్రువుకు సులువు.

దేశభక్తి పేరుతో చట్టాన్ని పక్కనపెట్టడాన్ని మేం ఒప్పుకోం. ఫోన్ సంభాషణలు వినాలంటే సాధారణంగా కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు 60 రోజులే చెల్లుతుంది. పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. మంచి సిస్టమ్స్ ఇంజినీరు ఈ నిబంధనల్ని డిజైన్‌లోనే రాస్తాడు. ఉత్తర్వు నంబరు నమోదు చేయనిదే రికార్డింగు మొదలవ్వదు. గడువు ముగిసిన అర్ధరాత్రి యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. ఎవరు చూశారో, ఎవరు తుడిపేశారో చెరపలేని చిట్టా ఉంటుంది. పక్క రాష్ట్రం తెలంగాణలో 2023 డిసెంబరులో నిఘా విభాగం కార్యాలయంలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణతో మొదలైన ఫోన్ ట్యాపింగ్ కేసును అందరం చూస్తున్నాం. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఇంజినీర్లుగా వెళ్లబోయే పిల్లలు మాత్రం పైఅధికారి నోటిమాట మీద స్విచ్ వేయకూడదని ఇప్పుడే నేర్చుకోవాలి. ఇంటెలిజెన్స్ బ్యూరో, రా లాంటి సంస్థల అధికారాలకు హద్దులు గీస్తూ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేదు. 2011లో లోక్‌సభలో ఎంపీ మనీశ్ తివారీ సొంతంగా ప్రైవేటు బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. లోపల పనిచేసే నిజాయతీపరులకు కూడా అలాంటి చట్టమే అండ. దాన్ని తేవాలని మేం కోరుతున్నాం.

కేంద్రానికి మరో మాట. స్కిల్ టెస్టు, ఇంటర్వ్యూలకు ఢిల్లీ దాకా వెళ్లి రావడం పత్తికొండ, రాయచోటి రైతు కుటుంబాల పిల్లలకు భారం. కనీసం హైదరాబాద్‌లో ఒక కేంద్రం పెట్టాలి. ఓర్వకల్లు క్షేత్రంలో రహస్యం కాని పనుల మీద సీమ విద్యార్థులకు వేసవి శిక్షణ ఇచ్చే వీలుందేమో డీఆర్‌డీవో చూడాలి.

గేట్ మూడో ఏడాదిలోనే రాయొచ్చు. 65 ప్రశ్నలు, 100 మార్కులు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది కానీ దరఖాస్తులు ఆగస్టు చివర, సెప్టెంబరుల్లోనే తీసుకుంటారు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లోని ప్రతి ఇంజినీరింగ్ కాలేజీ ఆ గడువుకు ముందే మూడో ఏడాది విద్యార్థులను కూర్చోబెట్టి ఒక పూట ఈ కొలువుల గురించి చెప్పాలి. లోధీ రోడ్డు పోస్టు బ్యాగు దరఖాస్తు నమూనాను నోటీసు బోర్డులో అంటించాలి.